డాట్ క్యాసెట్లలోని పద్యనాటకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

బ్రాడీపేట హార్మోనియం (గుంటూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా బాబాయి గారు 1990ల చివర్లో గుంటూరు, తెనాలి, విజయవాడ ప్రాంతాల్లో జరిగిన పద్యనాటక ప్రదర్శనలను సోనీ టీసీడీ-డీ8 అనే చేతి డాట్ (డిజిటల్ ఆడియో టేపు) యంత్రంతో రికార్డు చేసేవారు. ఆయన కాలం చేసిన తరువాత ఆ క్యాసెట్లున్న అట్టపెట్టె మా ఇంటికి చేరింది. యంత్రం మాత్రం క్యాసెట్టును మింగుతుంది గాని పాడదు. కొన్ని క్యాసెట్ల మీద ఆయన చేతిరాతతో "48" అనీ, చాలా వాటి మీద "ఎల్పీ" అనీ ఉంది.

పరీక్షగా ఒక క్యాసెట్టును విజయవాడలోని ఒక దుకాణానికి ఇచ్చి ఎంపీ3గా మార్పించాను. కాటి సీను పద్యాలు స్పష్టంగానే వచ్చాయి. అయితే, నేను హార్మోనియం వాయిస్తాను కాబట్టి ఒక తేడా వెంటనే పట్టుకోగలిగాను. ఆ నటుడు ఎప్పుడూ అయిదు శ్రుతిలో పాడేవారని ఆయన పక్కన వాయించిన మా గురువుగారు చెబుతారు. ఈ ఫైలులో మాత్రం శ్రుతి నాలుగుకూ నాలుగున్నరకూ మధ్య ఎక్కడో నిలబడింది, హార్మోనియం మీద ఏ మెట్టుకూ కలవడం లేదు. రాగం లాగుడు కూడా కొంచెం బరువుగా వినిపిస్తోంది. దుకాణం వారిని అడిగితే టేపు పాతబడి సాగిపోయిందని అన్నారు. డాట్ టేపు నిజంగా అలా సాగి శ్రుతి దించుతుందా? మిగిలిన క్యాసెట్లను నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలంటే ఏమేమి సమకూర్చుకోవాలి?

గవర్నర్‌పేట రికార్డింగ్ (విజయవాడ)

హార్మోనియం గారూ, మీరు మీ చెవినే నమ్మండి. డాట్ టేపు సాగినంత మాత్రాన శ్రుతి దిగదు. మామూలు క్యాసెట్టులో టేపు వేగం తగ్గితే స్వరం దిగుతుంది, ఎందుకంటే అక్కడ శబ్దతరంగమే నేరుగా టేపు మీద ఉంటుంది. డాట్‌లో ఉన్నవి అంకెలు. యంత్రం వాటిని చదివి, ముందు ఒక మెమరీలో పెట్టుకొని, తన స్ఫటిక గడియారం లెక్క ప్రకారం బయటికి వదులుతుంది. టేపు చెడిపోతే మాట తెగుతుంది, టిక్కుమంటుంది, నిశ్శబ్దం వస్తుంది. మొదటి నుంచి చివరి దాకా సమానంగా శ్రుతి తగ్గడం మాత్రం జరగదు.

జరిగింది ఇదీ. మీ క్యాసెట్టు 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డయింది. దుకాణం వారు డిజిటల్ కేబుల్‌తోనే కలిపారు, అంతవరకూ మంచిదే. కాని సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టును 44.1 మీద ఉంచేశారు. సెకనుకు 48,000 చొప్పున వచ్చిన నమూనాలను (శబ్దాన్ని కొలిచి రాసిన అంకెలను) ఆ ఫైలు 44,100 చొప్పున పాడుతోంది. అప్పుడు వేగం సుమారు 8 శాతం తగ్గి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. అయిదు శ్రుతి నుంచి అంత దిగితే మీరు చెప్పిన నాలుగు, నాలుగున్నరల మధ్యకే వచ్చి ఆగుతుంది. సరిచూసుకోవడానికి ఇంకొక దారి కూడా ఉంది. ఇలా తప్పిన ఫైలులో గంట నిడివి గల ప్రదర్శన 65 నిమిషాల 18 సెకన్లు వస్తుంది. క్యాసెట్టు అట్ట మీద బాబాయి గారు నిడివి రాసి ఉంటే పోల్చి చూడండి.

వారు మీకు వేవ్ ఫైలు ఇచ్చి ఉంటే దాని తలభాగంలోని రేటును 44,100 నుంచి 48,000కు మార్చితే చాలు, ఒక్క నమూనా కూడా పోకుండా సరిపోయేది. ఎంపీ3 చేసి ఇచ్చారు కాబట్టి ఆ క్యాసెట్టును మళ్లీ ఎక్కించడమే మంచిది.

బ్రాడీపేట హార్మోనియం (గుంటూరు)

ఆ క్యాసెట్టులోనే ఉన్న రాయబారం సీనుకు అట్ట మీద "1 గం. 12 ని." అని ఉంది. ఫైలులో అది 78 నిమిషాలకు పైగా సాగుతోంది. మీ లెక్క కచ్చితంగా కుదిరింది, ధన్యవాదాలు. ఇక యంత్రం సంగతి, కేబుళ్ల సంగతి చెప్పగలరా?

కృష్ణలంక శ్రోత (విజయవాడ)

నా దగ్గర కూడా డిజిటల్ టేపులు ఉన్నాయి. ఒక భజన బృందం వారు స్టూడియోలో చేయించుకున్న రికార్డింగులు అవి. కాని అవి వీసీఆర్ క్యాసెట్టంత పెద్దవి. మీరు చెప్పే డాట్ యంత్రంలో అవి పడతాయా?

గవర్నర్‌పేట రికార్డింగ్ (విజయవాడ)

కృష్ణలంక శ్రోత గారూ, అవి డాట్ కావు, చాలావరకు ఏడాట్ అయి ఉంటాయి. అలెసిస్ కంపెనీ 1990ల తొలినాళ్లలో తెచ్చిన ఆ యంత్రం ఎస్-వీహెచ్ఎస్ క్యాసెట్టు మీద ఎనిమిది ట్రాకులను విడివిడిగా రికార్డు చేసేది. టాస్కామ్ వారి డీఏ-88 కూడా ఎనిమిది ట్రాకుల యంత్రమే, అయితే దానికి హై8 వీడియో క్యాసెట్టు వాడేవారు. సోనీ వారు 1987లో తెచ్చిన డాట్ క్యాసెట్టు 73 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పుతో అరచేతిలో ఇమిడిపోతుంది, అందులో ఉండేది స్టీరియో. మీ టేపులకు ఏడాట్ యంత్రమే కావాలి. దాని గురించి వేరే చర్చ మొదలుపెడితే నాకు తెలిసింది అక్కడ రాస్తాను.

పాత సర్వర్లు (మంగళగిరి)

డాట్ డెక్కు (బల్ల మీద పెట్టి పాడించే డాట్ యంత్రం) కోసం వెతకనక్కర లేదని నా అభిప్రాయం. బ్యాంకులు, ఆఫీసులు ఒకప్పుడు సర్వర్ల బ్యాకప్‌కు డీడీఎస్ టేపు డ్రైవులు వాడేవి. ఆ డేటా క్యాసెట్టూ, డాట్ ఆడియో క్యాసెట్టూ ఒకే ఆకారంలో ఉంటాయి. ఆర్కైవ్ పైథాన్, సోనీ ఎస్‌డీటీ-9000 వంటి కొన్ని డ్రైవుల్లో సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల కోసం తయారైన ఫర్మ్‌వేర్ (డ్రైవులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటే అవి ఆడియో క్యాసెట్టును కూడా చదువుతాయి. ఒక పాత కంప్యూటరు, డ్రైవును దానికి కలిపే స్కజీ కార్డు, విండోస్‌లో డాట్ఎక్స్‌ట్రాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే సరిపోతుంది.

ఈ పద్ధతిలో ఉన్న అసలు మేలు వేగం ఒక్కటే కాదు. డెక్కు నుంచి డిజిటల్ కేబుల్ మీద వచ్చేది ప్రధానంగా ఆడియో. డ్రైవు మాత్రం టేపు మీద ఉన్న ఫ్రేములను ఉన్నవున్నట్టుగా అందిస్తుంది. డాట్‌లో ఒక్కో ఫ్రేము 30 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేములోనూ నమూనా రేటు, పాట మొదలైన గుర్తు, యంత్రంలో గడియారం పెట్టి ఉంటే రికార్డు చేసిన తేదీ, సమయం కూడా ఉంటాయి. హార్మోనియం గారి బాబాయి గారు ఆ గడియారం సరిగ్గా పెట్టుకొని ఉంటే ఏ ప్రదర్శన ఏ రాత్రి జరిగిందో టేపే చెబుతుంది. ఏ ఫ్రేము చదవలేకపోయిందో కూడా తెలుస్తుంది. మధ్యలో రేటు మారినా ఇబ్బంది లేదు, సాఫ్ట్‌వేరే ఫైలును విడగొడుతుంది.

గవర్నర్‌పేట రికార్డింగ్ (విజయవాడ)

పాత సర్వర్లు గారు చెప్పినది నిజమే, తేదీల విషయంలో ఆ పద్ధతికి సాటి లేదు. అయినా మొదటిసారి ఈ పనికి పూనుకునేవారికి నేను దానిని సిఫారసు చేయను. స్క్రాపులో దొరికే డీడీఎస్ డ్రైవుల్లో చాలావాటికి ఆడియో చదవడం రాదు, ఫర్మ్‌వేర్ కుదిరిన డ్రైవు దొరకడం అరుదు. పైగా టేపు లోపల ఏం జరుగుతోందో చెవికి వినిపించదు. డెక్కులో హెడ్డు మూసుకుపోతే వెంటనే వినిపిస్తుంది, ఆపేయవచ్చు. డ్రైవులో చిక్కుకున్న క్యాసెట్టును బయటికి తీయడం ఎంత కష్టమో దానితో పనిచేసినవారికి తెలుసు. మరొకటి, డేటా డ్రైవు మంచి టేపు కోసం తయారైనది. రెండున్నర దశాబ్దాలు పెట్టెలో ఉన్న టేపు విషయంలో అది తడబడి, ముందుకూ వెనక్కూ లాగుతూ ఉంటుంది, టేపుకు అది మంచిది కాదు.

డెక్కుతో చేసే పద్ధతి చెబుతాను, కొంచెం వివరంగా.

హెడ్‌ఫోన్ సాకెట్టు నుంచి కంప్యూటరు మైకు సాకెట్టుకు తీగ పెట్టడం అందరూ చేసేదే, వినడానికి బాగానే ఉంటుంది కూడా. కాని టేపు మీద అంకెలు సిద్ధంగా ఉండగా వాటిని ముందు విద్యుత్ సంకేతంగా మార్చి, మళ్లీ చవకరకం సౌండ్ కార్డులో అంకెలుగా మార్చడం దేనికి? డెక్కు వెనుక ఎస్‌పీడిఫ్ అనే డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ఉంటుంది, ఏకాక్షక ఆర్‌సీఏ సాకెట్టుగానో, ఆప్టికల్ సాకెట్టుగానో. స్టూడియో డెక్కులకు ఏఈఎస్ అనే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ కూడా ఉంటుంది. కంప్యూటరు వైపు ఎస్‌పీడిఫ్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టె) కావాలి. ఇన్‌పుట్ అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే బెహ్రింగర్ యూసీఏ202 వంటి చవక పెట్టెల మీద కనిపించే ఆప్టికల్ సాకెట్టు అవుట్‌పుట్ మాత్రమే, అది కొని ఇంటికి తెచ్చుకున్నాక చేసేదేమీ ఉండదు. ఆర్‌సీఏ కేబుల్ 75 ఓములది వాడండి. టీవీకి వాడే పసుపు రంగు వీడియో కేబులు మంచిదైతే అదే సరిపోతుంది. ఎర్ర తెల్ల ఆడియో కేబుళ్లు కొద్దిపాటి దూరానికి పనిచేసినట్టే ఉంటాయి గాని భరోసా లేదు.

తరువాతి సంగతి గడియారం. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్ అనే చోట "ఇంటర్నల్" అని ఉంటుంది. దాన్ని ఎస్‌పీడిఫ్‌కు మార్చాలి. మార్చకపోతే డెక్కు తన గడియారం ప్రకారం నమూనాలు పంపుతుంది, ఇంటర్‌ఫేస్ తన గడియారం ప్రకారం తీసుకుంటుంది. రెంటికీ కొద్దిపాటి తేడా ఉంటుంది. అందువల్ల అప్పుడప్పుడు ఒక నమూనా జారిపోవడమో, రెండుసార్లు పడడమో జరిగి టిక్కుమని వినిపిస్తుంది. ఈ టిక్కులను చాలామంది టేపు దోషంగా భావించి హెడ్డు తుడుస్తూ కూర్చుంటారు.

ఇక మీ "ఎల్పీ" (లాంగ్ ప్లే, టేపు సగం వేగంతో నడిచే పద్ధతి) క్యాసెట్లు. రాత్రంతా సాగే నాటకానికి 120 నిమిషాల క్యాసెట్టును మామూలు వేగంలో పెడితే, ప్రేక్షకులు వన్స్‌మోర్ అన్నప్పుడల్లా సమయం కరిగిపోయి, సరిగ్గా పద్యం మధ్యలో క్యాసెట్టు మార్చవలసి వస్తుంది. ఎల్పీలో అదే క్యాసెట్టు నాలుగు గంటలు వస్తుంది. మీ బాబాయి గారు ఆలోచించే అలా పెట్టారు. కాని ఎల్పీలో రేటు 32 కిలోహెర్ట్జ్, నమూనాకు 12 బిట్లు, అవి కూడా నాన్‌లీనియర్ పద్ధతిలో కుదించినవి. అందువల్ల మీకు రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, స్టూడియో డెక్కుల్లో అన్నీ ఎల్పీ పాడవు. కొనేముందు లేదా అద్దెకు తెచ్చేముందు ఇదే అడగండి. రెండవది, డెక్కు ఆ 12 బిట్లను విప్పి 16 బిట్లుగా బయటికి పంపినా రేటు 32 గానే ఉంటుంది, ఇప్పుడు మార్కెట్లో దొరికే యూఎస్‌బీ ఇంటర్‌ఫేసుల్లో ఎక్కువభాగం 44.1 నుంచే మొదలవుతాయి. ఆర్‌ఎమ్‌ఈ వంటివి 32ను అంగీకరిస్తాయి.

పాత సర్వర్లు (మంగళగిరి)

మరి 32ను అంగీకరించే ఇంటర్‌ఫేస్ దొరకనివారు ఏం చేయాలి? అనలాగ్ వద్దని మీరే అన్నారు కదా.

గవర్నర్‌పేట రికార్డింగ్ (విజయవాడ)

వద్దని అన్నది మైకు సాకెట్టు గురించి. 32 కిలోహెర్ట్జ్ రికార్డింగులో సుమారు 15 కిలోహెర్ట్జ్ పైన శబ్దం ఉండదు. అటువంటి టేపును డెక్కు లైన్ అవుట్ నుంచి మంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌కు పంపి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో తీసుకుంటే పద్యానికి జరిగే నష్టం దాదాపు లేదనే చెప్పాలి. స్థాయి మాత్రం గరిష్ఠానికి తగలకుండా కొంత దిగువన ఉంచండి. రాగాలాపన తారస్థాయికి వెళ్లినప్పుడు మీటరు ఎంత ఎగురుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. అంకెలను యథాతథంగా దించలేనప్పుడు ఇది రెండవ శ్రేణి పరిష్కారం. ఎల్పీ క్యాసెట్లు ఎక్కువగా ఉన్నవారు మాత్రం 32ను అంగీకరించే ఇంటర్‌ఫేసును ఎవరి దగ్గరనుంచైనా కొన్నాళ్లు అడిగి తెచ్చుకోవడమే మేలు.

సోల్డరింగ్ ఐరన్ (విజయవాడ)

కేబుళ్ల గురించి ఇంత రాశారు, ముందు యంత్రం గురించి ఒక మాట. హార్మోనియం గారి డీ8 క్యాసెట్టును మింగి పాడకపోవడానికి సాధారణ కారణం హెడ్డు మురికి పట్టడమో, లోడింగ్ యంత్రాంగంలో గ్రీజు గట్టిపడడమో, చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం పగలడమో అయి ఉంటుంది. మొదటిది తప్ప మిగిలినవి ఇంట్లో చేసే పనులు కావు.

డాట్ లోపల 30 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక డ్రమ్ము ఉంటుంది. అది నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంది, ఎల్పీలో అందులో సగం. దాని అంచున రెండు హెడ్లు ఉంటాయి. టేపు మాత్రం సెకనుకు 8.15 మిల్లీమీటర్లే కదులుతుంది. టేపు మీద వాలుగా పడే ఒక్కో గీత వెడల్పు సుమారు 13.6 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో చిన్న భాగం. అంత సన్నని గీత మీద హెడ్డు కుదురుకోవాలి కాబట్టి, ధూళి ఏమాత్రం ఉన్నా శబ్దం చిట్లినట్టు వస్తుంది.

శుభ్రం చేయడానికి చెవిలో పెట్టుకునే దూది పుల్లలు వాడకండి. వాటి పోగులు హెడ్డు అంచుకు తగులుకొని దానిని విరిచేస్తాయి. జింకతోలు వంటి మెత్తని తోలు అతికించిన పుల్లను శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్ము మీద కదలకుండా ఆనించి పెట్టి, రెండో చేతితో డ్రమ్మును పైభాగం పట్టుకొని నెమ్మదిగా తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ రుద్దకూడదు. ఆరిన తరువాతే క్యాసెట్టు పెట్టాలి. టేపును లాగే రబ్బరు పించ్ రోలర్‌ను విడిగా తుడవాలి, ఆల్కహాల్ దానికి అంతగా పడదు, నీటితో తడిపిన గుడ్డ చాలు.

ఇంకొకటి, మన ఊళ్లో ఇది తరచుగా జరుగుతుంది. ఏసీ గదిలో ఉన్న డెక్కునో, క్యాసెట్టునో బయట ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే పెడితే చల్లని డ్రమ్ము మీద తేమ పేరుకుంటుంది. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుంటే చుట్టుకుపోయి నలిగిపోతుంది. అందుకే యంత్రాల్లో తేమను పసిగట్టే ఏర్పాటు ఉంటుంది, తెర మీద డ్యూ అనే గుర్తు వచ్చి ఏ బటన్ నొక్కినా కదలదు. కొందరు దాన్ని యంత్రం చెడిందని అనుకొని విప్పేస్తారు. గదిలో అలాగే కొన్ని గంటలు వదిలేస్తే గుర్తు దానంతటదే పోతుంది.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)

సోల్డరింగ్ ఐరన్ గారూ, తేమ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధిలోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలో ఉన్న కొన్ని డాట్ క్యాసెట్లు నీళ్లలో నానిపోయాయి. అందులో మా గురువుగారి కచేరీలు ఉన్నాయి. అప్పట్లో ఎండలో ఆరబెట్టి డబ్బాలో పెట్టేశాను. పైకి బాగానే కనిపిస్తున్నాయి గాని, పారదర్శకమైన కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లని పొడి వంటిది ఉంది. ఇవి ఎక్కించడానికి వీలవుతుందా?

సోల్డరింగ్ ఐరన్ (విజయవాడ)

సింగ్‌నగర్ వాసి గారూ, ఆ క్యాసెట్లను ఏ యంత్రంలోనూ పెట్టకండి, ముందుకు తిప్పి చూద్దామని కూడా అనుకోకండి. ఆ తెల్లని పొడి బూజు కావచ్చు, లేదా వరదనీటి బురద ఎండిన అవశేషం కావచ్చు. రెండింటిలో ఏదైనా హెడ్డును గీకుతుంది, ఒక క్యాసెట్టు మీది బూజు ఆ యంత్రంలో తరువాత పెట్టే మంచి క్యాసెట్లకు అంటుకుంటుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటే తిప్పగానే పూత ఊడి వస్తుంది, ఆ తరువాత చేయగలిగింది లేదు.

ముందు వాటిని మిగిలిన క్యాసెట్ల నుంచి వేరుచేసి, గాలి ఆడే పొడి గదిలో ఉంచండి. హెయిర్ డ్రయ్యరు, ఎండ, పొయ్యి పక్క చోటు ఏదీ వద్దు. ఫోను తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది, దాని పిండి టేపుకు మరో ముప్పు. సిలికా జెల్ పొట్లాలు ఉన్న మూత డబ్బా సరైనది. తరువాతి పని డొల్లను విప్పి, చుట్టను శుద్ధజలంతో కడిగి, చేతితో కొత్త డొల్లలోకి మార్చడం. మరలు చిన్నవి, స్ప్రింగులు ఎగిరిపోతాయి, టేపు వెడల్పు 4 మిల్లీమీటర్ల లోపే. అలవాటు ఉన్నవారి చేతికే ఇవ్వాలి. ఖాళీ క్యాసెట్టు మీద చేసి చూపించగలరా అని ఎవరినైనా అడిగి, వారు నవ్వకుండా చేసి చూపిస్తే అప్పుడు మీ గురువుగారి కచేరీ ఇవ్వండి.

గవర్నర్‌పేట రికార్డింగ్ (విజయవాడ)

సోల్డరింగ్ ఐరన్ గారి మాటకు ఒకటి కలుపుతాను. తడవని క్యాసెట్లను కూడా నేరుగా పాడించకండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట బిగువు ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా ఉంటుంది. క్యాసెట్టును ఆసాంతం ముందుకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు పాడించండి. డాట్‌కు ఒకటే వైపు, తిరగేసే పని ఉండదు.

సాఫ్ట్‌వేర్ గురించి హార్మోనియం గారు విడిగా సందేశంలో అడిగారు. అందరికీ పనికివస్తుందని ఇక్కడే రాస్తున్నాను. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగు సాఫ్ట్‌వేర్ వాడవచ్చు, అయితే మూడు చోట్ల చూసుకోవాలి. ప్రాజెక్టు రేటు టేపు రేటే అయి ఉండాలి. విండోస్ సౌండ్ సెట్టింగులలో ఆ ఇన్‌పుట్‌కు కూడా అదే రేటు పెట్టాలి, లేకపోతే మధ్యలో విండోస్ తనంతట తాను రేటు మార్చేస్తుంది. ఇక మూడవది చాలామందికి తెలియదు. ఆడాసిటీ 16 బిట్లకు ఎగుమతి చేసేటప్పుడు డిదర్ అనే సన్నని గురగురను అలవాటుగా కలుపుతుంది. స్టూడియో మిక్సుకు అది మంచిదే గాని, ఉన్న అంకెలను ఉన్నట్టు దాచుకోవలసిన చోట అది అనవసరం. ప్రిఫరెన్సులలో నాణ్యత విభాగంలో దానిని నన్ అని పెట్టండి. రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవారు, ఇంటర్‌ఫేసుతో నేరుగా మాట్లాడే ఏఎస్ఐఓ డ్రైవరుతో వెళితే విండోస్ జోక్యం ఉండదు.

ఎక్కించే సమయంలో పెద్దగా చేయడం, గురక తీయడం, నిశ్శబ్దం కత్తిరించడం ఏదీ వద్దు. అవన్నీ తరువాత నకలు మీద చేసుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్ టేపు గంటకు సుమారు 690 మెగాబైట్లు అవుతుంది, అంటే రెండు గంటల క్యాసెట్టు ఒకటిన్నర గిగాబైట్లలోపే. ఈ రోజుల్లో దాని కోసం ఎంపీ3కి కుదించడం దండగ. స్థలం చాలదనుకుంటే ఫ్లాక్ చేయండి, అందులో ఒక్క అంకె పోదు.

ఆ తరువాత అసలు పరీక్ష. ఒకే క్యాసెట్టును రెండుసార్లు ఎక్కించండి. రెండు ఫైళ్లనూ నమూనా స్థాయిలో మొదలు కలిపి, ఒకదానిని ఇన్‌వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి), రెంటినీ కలపండి. టేపును రెండుసార్లూ యంత్రం సరిగ్గా చదివి ఉంటే మిగిలేది పూర్తి నిశ్శబ్దం, ఒక్క గీత కూడా ఉండదు. ఎక్కడైనా ముల్లులా గీత లేచిందంటే, అక్కడ యంత్రం చదవలేక పక్క నమూనాల నుంచి ఊహించి పూడ్చిందని అర్థం. డాట్‌లో రెండు అంచెల రీడ్-సాలొమన్ దోషసవరణ ఉంది. టేపు మీది చిన్న గాట్లనూ ధూళినీ అది లెక్క కట్టి పూర్తిగా సరిచేస్తుంది. దానికి మించితే ఊహిస్తుంది, ఇంకా మించితే నోరు మూసేస్తుంది. ఊహించిన చోట చెవికి తేడా తెలియకపోవచ్చు, కాని ఈ పరీక్షలో దొరికిపోతుంది.

బ్రాడీపేట హార్మోనియం (గుంటూరు)

ఇక్కడి సలహాల ప్రకారం పని మొదలుపెట్టాను. మా మిత్రుని స్టూడియోలో మూలన ఉన్న డెక్కు, 32ను కూడా పట్టుకునే ఇంటర్‌ఫేస్ దొరికాయి. ఆ డెక్కు ఎల్పీ కూడా పాడుతోంది. దుకాణంలో ఇచ్చిన క్యాసెట్టును మొదట ఎక్కించాను. హార్మోనియం పెట్టి చూసుకుంటే అయిదో మెట్టు మీద చక్కగా కూర్చుంది. మా గురువుగారికి వినిపిస్తే రాగం నిడివి విని, ఆ రాత్రి వాయించినది ఎవరో కూడా చెప్పారు. ఆ పేరును ఫైలుతో పాటు రాసిపెట్టాను.

రెండుసార్లు ఎక్కించి కలిపే పరీక్షలో "48" క్యాసెట్లు నిశ్శబ్దంగా వచ్చాయి. ఎల్పీ క్యాసెట్లలో ఒకటి మాత్రం మొదటి పది నిమిషాలలో అడుగడుగునా గీతలు లేపుతోంది, ఆ తరువాత శుభ్రంగా ఉంది. పాడించిన ప్రతిసారీ ఆ గీతలు వేరువేరు చోట్ల పడుతున్నాయి. హెడ్డు తుడిచినా మారలేదు. ఇది టేపు దోషమా, యంత్రం దోషమా?

సోల్డరింగ్ ఐరన్ (విజయవాడ)

వేరువేరు చోట్ల పడుతున్నాయంటే టేపు మీద గాయం కాదు. గాయమైతే ప్రతిసారీ అదే చోట పడుతుంది. మొదటి పది నిమిషాలకే పరిమితమైంది కాబట్టి, రికార్డు చేసిన రాత్రి డీ8 వేడెక్కేదాకా టేపును దారిలో ఉంచే దాని గైడ్లు కొంచెం వేరే ఎత్తులో నడిచాయో, లేక మొదటి చుట్టలు వంపు తిరిగాయో అయి ఉండాలి. ఇప్పటి డెక్కు హెడ్డు టేపు మీద వాలుగా రికార్డయిన గీతల అంచున నడుస్తోంది, కాబట్టి ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ జారుతోంది. రికార్డు చేసిన యంత్రమే ఇటువంటి టేపును ఉత్తమంగా పాడుతుంది. మీ బాబాయి గారి డీ8ను పారేయకండి.

పాత సర్వర్లు (మంగళగిరి)

హార్మోనియం గారూ, గీతలు ప్రతిసారీ వేరే చోట పడడం మీకు మేలే. మూడు నాలుగు సార్లు ఎక్కించండి. ఒక ఎక్కింపులో చెడిన చోట మరొకదానిలో బాగుంటుంది. రెండింటిలో ఒకేలా వచ్చిన నమూనాలను నమ్మి, తేడా ఉన్నచోట మూడవదాన్ని చూసి అతికించుకోవచ్చు. పది నిమిషాల భాగానికే కాబట్టి ఓపిక పడితే అయ్యే పనే. అతికించిన ఫైలును వేరుగా ఉంచి, అసలు ఎక్కింపులను కూడా చెరపకుండా దాచండి.

బ్రాడీపేట హార్మోనియం (గుంటూరు)

అలాగే చేస్తాను. డీ8ను బాగుచేయడానికి ముందు ఎల్పీ క్యాసెట్లు మిగిలినవన్నీ ఈ డెక్కుతోనే ఎక్కించి, గీతలు పడ్డవాటిని మాత్రం పక్కన పెడతాను. సోల్డరింగ్ ఐరన్ గారూ, యంత్రాన్ని మీ దగ్గరికి ఆదివారం తేవచ్చా? డిజిటల్ అవుట్ కోసం యంత్రం పక్కన ఉన్న బహుపిన్నుల సాకెట్టుకు పెట్టే ప్రత్యేక కేబులు కూడా అట్టపెట్టె అడుగున దొరికింది.

సోల్డరింగ్ ఐరన్ (విజయవాడ)

ఉదయం పూట తెండి. ఆ కేబులు ఇప్పుడు యంత్రం కంటే అరుదు, జాగ్రత్తగా చుట్టి తెండి, మడత పెట్టకండి. అడాప్టరు కూడా తప్పక తీసుకురండి. దాని మీద 100 వోల్టులు అని ఉంటే జపాన్ నుంచి తెచ్చినది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టి చూడకండి, నా దగ్గర స్టెప్‌డౌన్ ఉంది. యంత్రంలో క్యాసెట్టు ఏదైనా ఇరుక్కొని ఉంటే లాగవద్దు, అలాగే తెచ్చేయండి.